ఆప్టేన్, న్యాండ్: తేడా కొట్టింది ధర దగ్గరే

2015లో చిప్ కంపెనీలు ఇంటెల్, మైక్రాన్ 3డి క్రాస్‌పాయింట్ అనే కొత్త రకం మెమరీని (ఇంటెల్ దీన్ని ఆప్టేన్ పేరుతో అమ్మింది) ప్రకటించినప్పుడు, ఉత్పత్తి పెరిగితే ధర దానంతటదే దిగుతుందని కొందరు మదుపర్లు లెక్కేశారు. దిగలేదు. చిక్కంతా తయారీలోనే ఉంది. ఎస్‌ఎస్‌డీల్లో, ఫోన్లలో వాడే ఫ్లాష్ మెమరీ న్యాండ్‌. అందులో డజన్ల కొద్దీ పొరలు పేర్చి, పైనుంచి కిందికి ఒక్క విడతలో రంధ్రాలు తొలుస్తారు. పొరలు పెరిగినా లితోగ్రఫీ (కాంతితో చిప్‌పై గీతలు గీసే పని) ఖర్చు అంతగా పెరగదు. క్రాస్‌పాయింట్‌లో ప్రతి పొరకూ గీతలు విడిగా గీయాల్సిందే. అందుకే మొదటి తరం రెండు పొరలు, రెండోది నాలుగు. న్యాండ్ ఈలోగా వంద దాటేసింది.

వేగంలో ఆప్టేన్‌దే పైచేయి: చదవడానికి సుమారు 10 మైక్రోసెకన్లు, న్యాండ్ డ్రైవ్‌కు 80 దాకా. కానీ ఆ వేగానికి ఎక్కువ డబ్బు పెట్టే సర్వర్లు ఎన్ని? కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే వేగవంతమైన మెమరీ డీర్యామ్ చవకైనప్పుడల్లా, దానికీ న్యాండ్‌కూ మధ్య ఆప్టేన్‌కు మిగిలిన ఆ కాస్త చోటూ ఇరుకైంది. 2021లో మైక్రాన్ తప్పుకుంది. 2022లో ఇంటెల్ 55.9 కోట్ల డాలర్ల ఆప్టేన్ సరుకు నిల్వలను నష్టం కింద రాసుకుని ఆ దుకాణం కట్టేసింది.