ఫుడ్ సేఫ్టీ వ్యాన్: పాలకు పర్వాలేదు, ఐస్‌క్రీముకు చాలదు

కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 'ఫుడ్ సేఫ్టీ ఆన్ వీల్స్' వ్యాన్, అంటే ఆహారం పరీక్షించే ల్యాబ్ బండి, మీ పేటలో ఆగితే ఇంట్లో వాడే పాలు పట్టుకెళ్లడం దండగేం కాదు. కాకపోతే అది ఏం తేల్చగలదో, ఏం తేల్చలేదో ముందే తెలిసుండాలి. పాలకైతే ఐదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. ఐస్‌క్రీముకు ఒకటిన్నర, అదీ కాస్త చేయి జారితే.

పాల దగ్గర ఎక్కువగా చెడేది శాంపిల్. విడిపాలను క్యాన్ పైనుంచి ముంచితే వెన్న ఎక్కువ చూపిస్తుంది, అడుగునుంచి తీస్తే తక్కువ. గిన్నెలోంచి గిన్నెలోకి నాలుగైదుసార్లు తిరగబోసి, నురగ అణిగాకే సీసాలో పట్టాలి. నురగ ఉంటే మిషన్ లెక్క తప్పుతుంది. ప్యాకెట్ అయితే కత్తిరించకుండా ఐసు పెట్టి తీసుకెళ్లండి. పులిసిన పాలకు రీడింగ్ సరిగ్గా రాదు.

వ్యాన్‌లోని ఆ మిషన్, అంటే అనలైజర్, ఫ్యాట్ (కొవ్వు), ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) శాతాలు నిమిషాల్లో చూపిస్తుంది. వాటిని ప్యాకెట్ మీది రకంతో పోల్చాలి: టోన్డ్‌కు కనీసం ఫ్యాట్ 3, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5; ఫుల్ క్రీమ్‌కు ఫ్యాట్ 6, ఎస్‌ఎన్‌ఎఫ్ 9. టోన్డ్ పాలు పట్టుకొచ్చి ఫ్యాట్ మూడే వచ్చిందని గొడవపడితే లాభం లేదు. పాల సాంద్రత చూసే లాక్టోమీటరొక్కదాన్నే నమ్మకండి. నీళ్లు పోసి, ఆపైన చక్కెరో యూరియానో కలిపితే రీడింగ్ మళ్లీ మామూలుకొస్తుంది. అందుకే యూరియా, డిటర్జెంట్ పరీక్షలు విడిగా అడగాలి. యూరియా సంగతి ఇంట్లోనూ తేలుతుంది: చెంచాడు పాలలో అరచెంచా సోయా పిండో ఉత్త కందిపప్పు పొడో వేసి బాగా కలపండి. ఐదు నిమిషాలాగి ఎర్ర లిట్మస్ కాగితాన్ని అరనిమిషం ముంచితే, యూరియా ఉన్నప్పుడు అది నీలంగా మారుతుంది.

ఐస్‌క్రీముతో అసలు భయం క్రిములు. గడ్డకట్టినంత మాత్రాన లిస్టీరియా చావదు. శుభ్రత లోపాన్ని పట్టిచ్చే కోలిఫామ్ క్రిముల లెక్క తేలాలంటే ల్యాబ్‌లో కల్చర్ పెట్టాలి, కనీసం ఒకటి రెండు రోజులు పడుతుంది. వ్యాన్ ఆగినంతసేపట్లో అయ్యే పని కాదు. అంతకంటే షాపులో ఫ్రీజర్ థర్మామీటర్ మైనస్ 18 డిగ్రీల దగ్గరుందో లేదో చూడటం మేలు. మూత తీయగానే గోడలకు మంచు పలుకులు, మధ్యలో కుంగిన గుంట కనిపిస్తే అది ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిన డబ్బా అనుకోవాలి. పొద్దుటినుంచీ ఒకే నీళ్లలో నానుతున్న స్కూప్ ఉన్నచోట కొనకండి. లేబుల్ మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అనుంటే అందులో వాడింది వెజిటబుల్ ఫ్యాట్. మామూలు ఐస్‌క్రీములో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి.

వ్యాన్‌వాళ్లిచ్చే చీటీతో కేసు నిలవదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేయాలి, ల్యాబ్‌లోని ఫుడ్ అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. 2006 నాటి ఫుడ్ సేఫ్టీ అండ్ స్టాండర్డ్స్ చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లు సొంతంగా కూడా పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకిస్తున్నామని కొనేటప్పుడే షాపువాడికి చెప్పాలి. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే కట్టిన ఫీజు వెనక్కొస్తుంది. శాంపిల్ చెడకుండా ఫార్మలిన్ చుక్కలు వేసిన సీసా కల్తీ పరీక్షకే పనికొస్తుంది. క్రిముల కోసమైతే ఏమీ కలపని మరో సీసా ఐసులో వెళ్లాలి.