సౌతాంప్టన్‌లోని మధ్యయుగపు వర్తకుని ఇల్లు: కొట్టూ కాపురమూ ఒకే కప్పు కింద

ఇంగ్లండు దక్షిణ తీరంలోని రేవుపట్టణం సౌతాంప్టన్ పాత పట్టణంలో, ఫ్రెంచ్ స్ట్రీట్‌లో జాన్ ఫోర్టిన్ అనే వర్తకుడు 1290 ప్రాంతంలో కట్టించుకున్న ఇల్లు ఇప్పుడు చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సంరక్షణలో ఉంది. మధ్యయుగపు ఇంగ్లండు అనగానే కోటలూ చర్చిలూ చూసి తిరిగివచ్చే వారికి, డబ్బున్న పట్టణవాసి రోజువారీ బతుకు ఎలా సాగిందో ఇంత స్పష్టంగా చూపే కట్టడాలు అరుదుగానే దొరుకుతాయి.

ఇంటి నిర్మాణం మొత్తం వ్యాపారాన్ని బట్టే సాగింది. ఫోర్టిన్ నేటి ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంతో వ్యాపారం చేసినవాడు. బోర్డో ఉన్న గ్యాస్కనీ ఆనాడు ఇంగ్లండు రాజుల ఏలుబడిలోనే ఉండడంతో అక్కడి ద్రాక్షసారా ఈ రేవుకు విరివిగా చేరేది. ఆ పీపాలను ఎండాకాలంలోనూ చలికాలంలోనూ ఒకే తీరు చల్లదనంలో ఉంచడానికి ఇంటి అడుగున రాతి కమానుల నేలమాళిగను కట్టారు. దానిపైన వీధివైపు కొట్టు, నడుమ ఇంటికప్పు దాకా ఖాళీగా లేచిన హాలు, వెనుక యజమాని సొంత గది ఉన్నాయి. మేడమీద ముందువైపు, వెనుకవైపు ఉన్న పడకగదులను హాలు మీదుగా సాగే నడవ కలుపుతుంది. పక్క గోడలు రాతివి, వీధిముఖం మాత్రం కొయ్య చట్రంతో కట్టి, పై అంతస్తును వీధి మీదికి ముందుకు చాచినది. సరుకు, బేరం, విందు, నిద్ర ఇంత ఇరుకైన స్థలంలో ఒకదానికొకటి అడ్డురాకుండా అమరిన తీరే నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది.

తర్వాతి కాలంలో పబ్‌గానూ అద్దెబసగానూ మారిన ఈ ఇంటి మధ్యయుగపు లోపలి భాగం 1940 నాటి బాంబుదాడి దెబ్బతో బయటపడింది. 1980లలో దీనిని 14వ శతాబ్దపు రూపానికి తెచ్చారు. ఆ నిర్ణయం వల్ల పబ్ నాటి ఆనవాళ్లు దాదాపుగా కనుమరుగైనా, గదుల అసలు పొందిక అర్థం కావడానికి అదే సరైన దారి అని నా అభిప్రాయం. ముదురు రంగుల పెట్టెలూ గోడ తెరలూ ఆనాటి వాటికి నకళ్లే అయినప్పటికీ, ధనిక వర్తకుని ఇల్లు మసిబారిన చీకటికొట్టు కాదని అవి చక్కగా తెలియజేస్తాయి.

ఏడాది పొడవునా తెరిచి ఉండదు గనుక సందర్శన రోజులు ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. వీలైతే దగ్గరలోనే బ్యూగిల్ స్ట్రీట్‌లో ఉన్న, 15వ శతాబ్దం చివరి నాటి ట్యూడర్ హౌస్‌ను కూడా అదే పూట చూడండి. రెండు శతాబ్దాలలో సంపన్నుల ఇల్లు ఎంత విశాలమైందో పక్కపక్కనే తెలుస్తుంది.