స్కోలియోసిస్ ఉన్న పిల్లలకు కర్నూల్లో మంచి ఫిజియో సెంటర్

మా పాపకు వెన్నెముక పక్కకు వంగింది, ఎక్స్‌రేలో కాబ్ యాంగిల్ (వంపు ఎంతుందో కొలిచే కోణం) 22 డిగ్రీలు వచ్చింది, 10 దాటితే స్కోలియోసిస్ కిందే లెక్క. ఎన్ఆర్ పేటలో ఒక ఫిజియో సెంటర్‌కు తీసుకుపోతున్నాము, చానా బాగా చూస్తున్నారు. కరెంటు పెట్టి పంపించేసే రకం కాదు. మేడమ్ నా చేతిని కూడా పాప వీపు మీద పెట్టించి చూపించినారు, వంపు బయటికి ఉబ్బిన పక్క కండ గట్టిగా తగుల్తా ఉంది, ఆ పక్క కండరాలే ఎక్కువ పనిచేస్తా ఉంటాయంట, అందుకే రెండు పక్కలకీ ఒకే ఎక్సర్‌సైజ్ ఇవ్వరు.

ష్రోత్ పద్ధతి అని ఈ వంపు కోసమే ఉన్న ఎక్సర్‌సైజులు చేయిస్తారు, 1921లో జర్మనీలో కాథరీనా ష్రోత్ మొదలుపెట్టింది. అద్దం ముందు నిలబెట్టి, లోపలికి పోయిన పక్కటెముకల మీద వేళ్లు ఆనించి "ఊపిరితో నా వేళ్లను బయటికి తోయి తల్లీ" అంటారు, పాప తోస్తాంటే నాకు కండ్లల్లో నీళ్లొచ్చినాయి.

వంపు మొత్తం పోతుందని ఆశ పెట్టలేదు, ఎదిగే వయసులో పెరగకుండా చూడటమే ముఖ్యం, పెరిగితే బ్రేస్ (వెన్నెముకకు ఆసరాగా ఒంటికి వేసే గట్టి పట్టీ) కావాల్సి రావచ్చని ముందే చెప్పినారు, ఆ మాట నాకు నచ్చింది. సాయంత్రం మాత్రం రష్ ఎక్కువ, ఆదోని, డోన్ నుంచి వచ్చేటోళ్లు ఫోన్ చేసి రండి, పాత ఎక్స్‌రేలు తప్పకుండా తెచ్చుకోండి.