స్ట్రాబెర్రీకి సాగరిక: ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చెయ్యలేదు

లంబసింగి, చింతపల్లి వైపు స్ట్రాబెర్రీ వేస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మాది వింటర్ డాన్ రకం. మొక్కలు మహాబలేశ్వర్ నుంచి తెచ్చి అక్టోబరులో నాటాం. ఎత్తు బెడ్లు, మల్చింగ్ షీటు, డ్రిప్, అన్నీ అందరిలాగే. టానిక్ మాత్రం ఇఫ్కో వాళ్ల సాగరిక ద్రవం ఒక్కటే వాడాం, కొన్ని బెడ్లకు అది కూడా కొట్టకుండా వదిలేశాం. తోటంతా కొట్టేస్తే తేడా మందు వల్ల వచ్చిందో వాతావరణం వల్ల వచ్చిందో తెలియదు కదా.

ఇది సముద్రపు నాచు నుంచి తీసిన సారం, ఎరుపు నాచు, గోధుమ రంగు నాచు రెండూ ఉంటాయి. ఎరుపు నాచు అంటే కప్పాఫైకస్, తమిళనాడు రామనాథపురం తీరంలో మహిళా సంఘాలు వెదురు తెప్పల మీద పెంచేది. నాచు సారాల్లో సహజంగా ఉండే సైటోకైనిన్లు, ఆక్సిన్లు అనే మొక్క హార్మోన్లు, బీటైన్ లాంటివి వేరు పెరగడానికి, మొక్క చలికి ఎండకి తట్టుకోవడానికి సాయం చేస్తాయి. అంతే గానీ ఇది ఎరువు కాదు, ఇందులో ఉండే పోషకాలతో పంటకు తిండి సరిపోదు.

బాగా పనిచేసింది మొదట్లోనే. దూరం నుంచి లారీలో వచ్చిన మొక్క వాడిపోయి ఉంటుంది, నాటాక కొత్త వేరు వేస్తేనే బతుకుతుంది. కొట్టిన బెడ్లలో మొక్కలు తొందరగా తేరుకున్నాయి, పీకి చూస్తే తెల్లవేరు గుబురుగా ఉంది, కొట్టని బెడ్లలో చచ్చిన మొక్కల ఖాళీలు ఎక్కువ కనబడ్డాయి. మళ్లీ డిసెంబరులో చలి బాగా ముదిరినప్పుడు రెండు రకాల బెడ్లూ దెబ్బతిన్నాయి, కానీ కొట్టినవాటిలో కొత్త ఆకు ముందు వచ్చింది. ఈ రెండింటి కోసమైతే నేను కళ్లుమూసుకుని కొంటాను.

తీపి సంగతికొస్తే, కాయ తియ్యగా అవుతుందని చాలామంది టానిక్ కొంటున్నారు. మీటరు పెట్టి బ్రిక్స్, అంటే రసంలో తీపి శాతం, చూశాం, నాకు నమ్మకంగా చెప్పేంత తేడా కనబడలేదు. తీపి రావాలంటే రకం, పొటాష్, చల్లని రాత్రులు, కాయ పూర్తిగా ఎర్రబడేదాకా ఆగడం, ఇవే ముఖ్యం. సగం తెల్లగా ఉన్న కాయ కోసి డబ్బాలో పెడితే తర్వాత రంగు వస్తుంది గానీ తీపి పెరగదు. వంకర కాయలు కూడా తగ్గలేదు. కాయ మీద కనిపించే గింజల్లాంటివాటిలో తయారయ్యే ఆక్సినే చుట్టూ ఉన్న గుజ్జును ఉబ్బిస్తుంది, పరాగం అందక గింజ కట్టని చోట గుజ్జు పెరగదు, కాయ నొక్కుకుపోతుంది. దానికి తేనెటీగలు కావాలి. పూత టైంలో పురుగుమందు ఆపి తేనెపెట్టెలు పెట్టుకోండి, ఆ డబ్బు ఏ సీసాకు పెట్టినా రాని ఫలితం ఇస్తుంది.

వాడేవాళ్లకి రెండు మాటలు. కాల్షియం నైట్రేట్‌తో కలిపి కొట్టకండి, గోధుమ నాచులో ఉండే ఆల్జినేట్ కాల్షియంతో కలిస్తే జిగురుగడ్డ కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. ఇక పొద్దున్నే కొట్టాలని అందరూ అంటారు, కానీ మన దగ్గర మంచుకి ఆకు పొద్దెక్కేదాకా తడిగానే ఉంటుంది, దాని మీద ఇంకా తడి చేస్తే కాయ మీద బూడిద రంగు బూజు పట్టడానికి మనమే దారి ఇచ్చినట్టు. మధ్యాహ్నం దాటాక, చీకటి పడేలోపు ఆకు ఆరేలా కొట్టుకోండి. నల్లికీ బూజుకీ ఇది మందు కాదు, వాటికి వేరే చూసుకోవాల్సిందే.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది షాపుల్లో అంటగట్టే పేరులేని సీసాలు. పక్క తోట అన్నకి ఒక డీలరు దిగుబడి డబుల్ అవుతుందని చెప్పి ఒకటి ఇచ్చాడు, లోపల ఏముందో లేబుల్ మీద సరిగా లేదు. కొట్టాక ఆకు కాడలు బారుగా సాగాయి, రన్నర్లు, అంటే పక్కకు పాకే తీగలు, తెగ వచ్చాయి, పూత మాత్రం వెనకబడింది. జిబ్బరెల్లిన్ అనే, మొక్కను సాగదీసే హార్మోను పడితే స్ట్రాబెర్రీ అచ్చం ఇలాగే చేస్తుంది. దాంట్లో అదే ఉందని నేను రుజువు చెయ్యలేను, కానీ అనుమానం గట్టిగా ఉంది. 2021లో కేంద్రం బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్క పెరుగుదలకు ఊతమిచ్చే ఇలాంటి టానిక్‌లను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చింది, పురుగుమందుల చట్టం కిందికి వచ్చే జిబ్బరెల్లిన్ లాంటి పెరుగుదల నియంత్రకాలు ఈ కోవలోకి రావని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి సీసా మీద బయోస్టిమ్యులెంట్ అన్న మాట, లోపలున్న పదార్థాల శాతం, ఏ పంటకు ఎంత మోతాదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి, బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న షాపులో కొనొద్దు, ఎంత తెలిసినవాడైనా సరే.

వచ్చే సీజన్‌కి సాగరిక మళ్లీ తెస్తున్నాం, కానీ నాటాక ఒకసారి, పూతకు ముందు ఒకసారి, చలి దెబ్బ తగిలితే ఇంకోసారి, అంతవరకే. కోతలు మొదలయ్యాక కొట్టడం మానేస్తాం. మిగిలే డబ్బుతో ఇంకో తేనెపెట్టె వస్తుంది.