రేషన్ సన్నబియ్యం: అన్నం ఎట్ల వస్తుంది, నెలకు ఎంత మిగులుతుంది

రోజూ తినే అన్నానికి రేషన్ సన్నబియ్యం బాగుంది. బగారన్నానికి, పులిహోరకు పనికిరాదు. ముద్దయిందని, జిగురుగా ఉందని ఈ బియ్యాన్ని పక్కన పెట్టిన ఇళ్లలో చాలావరకు తప్పు బియ్యంలో లేదు, నీళ్ల కొలతలో ఉంది. పాత బస్తా బియ్యానికి పోసినన్ని నీళ్లు దీనికీ పోస్తే దిగేది అన్నం కాదు, జావ.

ఈ పంపిణీ మొదలైంది మన ఉమ్మడి నల్లగొండలోనే. 2025 ఉగాది నాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లో ప్రారంభించారు. అంతకుముందు వచ్చేది దొడ్డు బియ్యం. వండుకునేవాళ్లు తక్కువ. ఇంటి ముందుకొచ్చిన వ్యాపారికి అగ్గువకు పోసి, ఆ పైసలకు ఇంకా చాలా కలిపి సన్నాల బస్తా తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. సాగర్ ఎడమ కాల్వ కింద సన్నాలు పండుతాయి, మిర్యాలగూడలో మిల్లులు వరుసగా ఉన్నాయి, అయినా ఈ జిల్లాలో కైకిలి చేసుకునే ఇల్లు సన్నబియ్యాన్ని పిరం పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడంతో సర్కారు చేతికి సన్నాలు వచ్చాయి. కొనుగోలు కేంద్రంలో గింజ పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటొద్దని కొలిచి తీసుకున్నారు. బీపీటీ 5204, తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 ఈ కొలతలో వచ్చే రకాలే.

ఇప్పుడు మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితం. అంత్యోదయ కార్డుకు మనుషులతో సంబంధం లేకుండా 35 కిలోలు.

ఇంటి ఖర్చు కుదించుకోవాలని నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరూ సరదాకు అనుకోరు. జూన్‌లో బడి ఫీజు, నోటు పుస్తకాలు, పత్తి గింజలు, డీఏపీ బస్తా అన్నీ ఒక్కసారే మీద పడతాయి. పత్తి పైసలు చేతికి వచ్చేది దసరా దాటినాక. నడుమ నెలలన్నీ కిరాణం ఖాతా మీద, నూటికి రెండు రూపాయల వడ్డీ మీద గడుస్తాయి. అప్పుడు ఇంట్లో ముందుగా కోత పడేది పాలకు, గుడ్లకు, పప్పుకు. బియ్యం మానలేరు కాబట్టి బియ్యం పక్కన ఉండేవి మానేస్తారు. పిల్లల పళ్లెం పలుచనయ్యేది అక్కడే. సన్నబియ్యం విలువను మేము ఈ లెక్కతోనే చూస్తున్నాం: పళ్లెంలో ఏదీ తగ్గించకుండా తగ్గించగలిగిన ఖర్చు ఇదొక్కటే.

లెక్క కట్టి చూద్దాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో రెండు పూటలా అన్నమే తింటే రోజుకు కిలో నుంచి కిలోంబావు బియ్యం అవుతుంది. అంటే నెలకు 30 నుంచి 37 కిలోలు. రేషన్‌లో వచ్చేది 24. బయట సన్నాలు కిలో 50 అనుకుంటే, 24 కిలోలకు 1,200 రూపాయలు మిగులు. తక్కువ పడేది 6 నుంచి 13 కిలోలు. రాత్రి పూట వారంలో మూడు నాలుగు సార్లు జొన్నరొట్టె చేసే ఇంట్లో ఆ లోటు సగానికి పైగా తగ్గుతుంది. కాకపోతే జొన్నలు కూడా ఇప్పుడు అగ్గువ లేవు, కొని చేసేవాళ్లకు రొట్టెతో పెద్దగా మిగలదు. చేనులో పండినవాళ్లకే లాభం.

ఆ లోటు బియ్యం బయట కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. చాలా బస్తాలు 26 కిలోలవి. 2022 జులై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసి అమ్మే బియ్యం 25 కిలోలు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది. అది తప్పించుకోవడానికే మిల్లులు ఒక కిలో ఎక్కువ పోస్తున్నాయి. ఒక దుకాణంలో 25, ఇంకో దుకాణంలో 26, వేరొకచోట 30 ఉన్నప్పుడు బస్తా ధరలు పోల్చితే మోసపోతాం. కిలోకు ఎంత పడిందో భాగించి చూడాలి.

ఇక వంట. బియ్యం చేతికి వచ్చేనాటికి వడ్లు కోసి చాలాసార్లు కొద్ది నెలలే అవుతుంది. కొత్త బియ్యం గింజ ఉడికేటప్పుడు తొందరగా పగిలి, లోపలి పిండి పదార్థం నీళ్లలోకి వస్తుంది. అదే జిగురు. నాలుగు నుంచి ఆరు నెలలు నిలవైతే గింజ గట్టిపడి, ఎక్కువ నీళ్లు పీల్చి, విడివిడిగా పొడవు సాగుతుంది. అందుకే పాత బియ్యానికి గ్లాసుకు రెండు, రెండుంబావు గ్లాసుల నీళ్లు సరిపోతే, ఈ బియ్యానికి కుక్కర్‌లో గ్లాసుకు ఒకటిన్నరే పోయాలి. రెండు నెలలు ఇంట్లో ఉన్న సంచికి ఒకటీ ముప్పావు. కొత్త సంచి విప్పిన రోజు ఒక గ్లాసే వండి చూసి, ఆ నెలకు కొలత ఖాయం చేసుకోవడం మేలు. ఎందుకంటే ప్రతి నెలా ఒకే మిల్లు బియ్యం రాదు. ఒకసారి సోనా లాంటి సన్నగింజ, ఇంకోసారి కాస్త లావుది, కొన్నిసార్లు రెండూ కలిసి వస్తాయి. రకం పేరు సంచి మీద ఉండదు. ఈ బియ్యానికి ఉన్న అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం.

రెండు నీళ్లకు కడిగి 20 నిమిషాలు నానబెట్టి, రెండు విజిల్స్‌కే దించాలి. ఆవిరి దానంతట అది దిగినాక వెంటనే మూత తీసి, అంచుల నుంచి గరిటెతో పైకి లేపాలి. మూత తీయకుండా అరగంట వదిలేస్తే ఆవిరి నీళ్లయి మళ్లీ అన్నం మీదనే పడుతుంది, కింది పొర పేస్టు అవుతుంది. నాలుగు విజిల్స్ అలవాటున్న ఇళ్లలో ఈ బియ్యానికి చెడ్డపేరు వచ్చింది ఇందుకే. కరెంటు కుక్కర్ నీళ్లు ఇగిరేదాకా ఆగదు కాబట్టి అందులో కొలత తప్పితే సరిదిద్దే వీలే లేదు.

అన్నం పొడిపొడిగా కావాలంటే గంజి వార్చడమే మార్గం. ఒక గ్లాసు బియ్యానికి ఐదారు గ్లాసుల ఎసరు పెట్టి, అది తెర్లినాకే బియ్యం వేయాలి. పది నిమిషాలు దాటినాక ఒక మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపి చూడాలి. నడుమ సన్నటి తెల్ల చుక్క మిగిలి ఉండగానే వార్చి, మూతపెట్టి సన్నసెగ మీద మూడు నిమిషాలు మగ్గనివ్వాలి. చుక్క పోయేదాకా ఆగితే మగ్గేటప్పుడు చితికిపోతుంది. కుక్కర్ కంటే గ్యాస్ ఎక్కువ కాలుతుంది, నిజమే. నానబెట్టి, ఎసరు మూతపెట్టి కాగనిస్తే ఆ తేడా కొంత తగ్గుతుంది. వార్చిన గంజి పారబోయొద్దు. ఉప్పు, మజ్జిగ, నలిపిన ఉల్లిగడ్డ వేస్తే ఎండలో పనికి పోయేవాళ్లకు అంతకంటే మంచి పానీయం లేదు.

కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలడం, రంగు కొంచెం తేడాగా ఉండడం చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి బలవర్ధక గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్ కలిపి గింజ ఆకారంలో ఒత్తి, క్వింటాలుకు కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు, పిల్లలకు పనికొచ్చేవే అవి. ఏరకుండా వండుకోవాలి.

నూక గురించి కూడా చెప్పాలి. సర్కారు ప్రమాణాల్లో పచ్చిబియ్యానికి 25 శాతం దాకా నూకను అనుమతిస్తూ వచ్చారు. ఆ లెక్కన 24 కిలోల్లో 6 కిలోల దాకా నూక ఉన్నా నిబంధన ప్రకారం తప్పు కాదు. నూకతో కలిపి వండితే అది ముందే ఉడికి, నిండు గింజలను అంటుకుంటుంది. అన్నం ముద్దవడానికి ఇది రెండో కారణం. సంచి తెచ్చిన రోజే నూకల జల్లెడ పట్టి వేరు చేస్తే అన్నం రూపే మారుతుంది. ఆ నూక వృథా కాదు. ఉప్పుడుపిండికి, పొద్దటి జావకు అదే కావాలి. ఇంకాస్త సన్నగా మరాడించి ఇడ్లీ రవ్వ చేసుకుంటే, గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ చొప్పున సరిపోతుంది, బయట ప్యాకెట్ కొనే పని ఉండదు. సర్వపిండికైతే బియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి, వడకట్టి, నీడలో బట్ట మీద ఆరబోసి, కొంచెం చెమ్మ ఉండగానే పిండి పట్టించాలి. పూర్తిగా ఎండితే పిండి పగుళ్లిస్తుంది. సంక్రాంతికి సకినాలకు మాత్రం ఈ కొత్త బియ్యమే పాత బియ్యం కంటే నయం. జిగురు ఉంటేనే పిండి వేళ్ల మధ్య తెగకుండా చుట్టు తిరుగుతుంది.

2025 జూన్‌లో మూడు నెలల కోటా ఒకేసారి ఇచ్చారు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. వానాకాలంలో అంత బియ్యం ఇంట్లో ఉంటే పురుగు ఖాయం. ముక్కుపురుగు గింజను తొలిచి లోపల గుడ్డు పెడుతుంది. కాబట్టి డ్రమ్ము మూత ఎంత గట్టిగా ఉన్నా, లోపలికి వచ్చిన గుడ్లు పొదుగుతూనే ఉంటాయి. రెండు వారాలకోసారి మూత తీసి చూడాలి. కనబడితే జల్లెడ పట్టి, పాత చద్దరు మీద నీడలో రెండు మూడు గంటలు ఆరబోయాలి. మండే ఎండలో పోస్తే గింజకు సన్నటి పగుళ్లు వచ్చి, కడిగేటప్పుడే నూకవుతుంది. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండినదే వెయ్యాలి, పచ్చిది వేస్తే చెమ్మకు బూజు పడుతుంది. సంచులు నేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా చెక్క మీద పెట్టాలి. పురుగుకు గోదాముల్లో వాడే గోళీలు మాత్రం ఇంట్లోకి తేవొద్దు. వాటినుంచి వచ్చే గ్యాస్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బోరిక్ పౌడర్ కూడా తినే బియ్యంలో కలపకూడదు.

రేషన్ షాపు సేవ మునుపటికంటే మెరుగు. రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. కైకిలి చేసి వేళ్లు అరిగినవాళ్లకు వేలిముద్ర పడకపోతే కనుపాపతో చేయమని అడగాలి, వెనక్కి పంపితే ఊరుకోవద్దు. తూకం ముందు ఖాళీ సంచి పెట్టి సున్నా చేయించి, యంత్రం ఇచ్చే రసీదులో కిలోలు చూసుకోవాలి. తేడా వస్తే 1967కు ఫోన్ చేయొచ్చు. పాలమూరు నుంచి ముంబై, పూణె పోయే కూలీలు కేంద్రం పరిధిలోని కార్డు ఉంటే అక్కడా తీసుకోవచ్చు. కాకపోతే అక్కడ దొరికేది కేంద్రం వాటా 5 కిలోలే, అదీ ఆ రాష్ట్రం ఇచ్చే ధాన్యమే. సన్నబియ్యం అనుకుని పోవద్దు.

మిగిలిన 1,200 సంగతి. చేతిలో ఉంచుకుంటే అది పదీ ఇరవైగా కరిగిపోతుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000 అప్పుకు నెల వడ్డీ సరిగ్గా 1,000. అంటే బియ్యం మిగులు ఆ వడ్డీ కట్టి ఇంకో 200 అసలుకు జమ చేస్తుంది. అప్పు లేని ఇల్లు సంఘం పొదుపులో వేసుకోవచ్చు, లేదా మానేసిన పాలు, గుడ్లు మళ్లీ తెచ్చుకోవచ్చు. మా ఓటు ఈ రెండోదానికి, ఇంట్లో ఎదిగే పిల్లలుంటే.

పండుగకు, చుట్టాలు వచ్చినప్పుడు బగార వండాల్సి వస్తుంది కాబట్టి ఐదు కిలోల పాత బియ్యం వేరే డబ్బాలో ఉంచుకోండి. డ్రమ్ము మీద సుద్దతో నెల పేరు రాసి, ముందు వచ్చిన సంచే ముందు వాడండి.