సైకిల్ హ్యాండిల్ గ్రిప్ జరపడానికి ఆల్కహాలా, గాలా?

బిగుసుకున్న రబ్బరు గ్రిప్‌ను కోయకుండా కదిలించడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు, లేదా కంప్రెసర్ గాలి కొట్టొచ్చు. బోల్టుతో బిగించే గ్రిప్‌కు ఇవేవీ అక్కర్లేదు, అలెన్ కీ (ఆరు పలకల L ఆకారపు కీ) చాలు.

కంప్రెసర్ అందుబాటులో ఉంటే గాలిదే పైచేయి. బ్రేక్ లివర్ వైపు అంచు కింద సన్న నాజిల్ దూర్చి, గ్రిప్ బయటి కొన తెరిచి ఉంటే అరచేత్తో గట్టిగా మూసి, గాలి వదలాలి. రబ్బరు ఉబ్బి రాడ్డును వదిలేస్తుంది; ఆ క్షణంలోనే కావలసిన చోటికి జరపాలి. గాలి ఆపగానే పట్టు తిరిగి వస్తుంది, వెంటనే బండి ఎక్కొచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి. చిరిగిన గ్రిప్‌లో మాత్రం గాలి నిలవదు.

ఆల్కహాల్‌కు సిరంజి చాలు. అంచు కింద నున్నటి చెక్క పుల్ల దూర్చండి. స్క్రూడ్రైవర్ వద్దు, ముఖ్యంగా కార్బన్ హ్యాండిల్‌పై గీత పడితే అది అక్కడే విరగొచ్చు. చుట్టూ మూడు నాలుగు చోట్ల అర మిల్లీలీటరు చొప్పున వేసి, లాగే ముందు మెలితిప్పండి. తిప్పితేనే ద్రవం లోపలంతా పాకుతుంది. జరిపాక రాత్రంతా ఆరనివ్వాలి, ఎందుకంటే మూసుకున్న రబ్బరు కింద అది నెమ్మదిగా ఆవిరవుతుంది. తడి ఉండగా తొక్కితే మలుపులో గ్రిప్ చేతిలోనే తిరిగిపోతుంది.

ఆల్కహాల్ లేదని నూనె మాత్రం వేయొద్దు, అది ఆరదు. సబ్బునీళ్ల పొర కూడా వానకు మళ్లీ జారుతుంది. జిగురుతో అంటించిన గ్రిప్‌కు గాలి తరచూ సరిపోదు.