సోకియా బి40ఏ ఆటో లెవెల్: పరికరం మంచిదే, కాళ్లు చూసి కొనండి

అనంతపురం, కర్నూలు వైపు సివిల్ చదివేవాళ్లు సర్వే క్యాంపు దగ్గర పడగానే అడిగే మొదటి ప్రశ్న, ఏ ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే టెలిస్కోప్ పరికరం) తీసుకోవాలని. బి40ఏ సరిపోతుంది. ఇంకా ఎక్కువ పవర్ ఉన్నదాని కోసం అప్పు చేయాల్సిన పని లేదు. లెవెల్స్ (ఎత్తుల కొలతలు) తప్పడానికి టెలిస్కోప్ కారణమయ్యేది తక్కువ. దాని కింద నిలబడే ట్రైపాడ్, ఎదురుగా పట్టుకునే స్టాఫ్ (గీతలున్న కొలత కర్ర), టెలిస్కోప్‌కూ స్టాఫ్‌కూ మధ్య ఎవరూ పరీక్షించని చూపురేఖ, తప్పంతా ఈ మూడింటి దగ్గరే పుడుతుంది.

ముందు పరికరం సంగతి. టెలిస్కోప్ పవర్ 24 రెట్లు. ఒక కిలోమీటరు దూరాన్ని రానూపోనూ లెవెల్ చేస్తే 2 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం అని కంపెనీ లెక్క. 20 సెంటీమీటర్ల దగ్గరలో ఉన్న స్టాఫ్ కూడా ఫోకస్ అవుతుంది కాబట్టి ఇరుకు గదుల్లో, మెట్ల దగ్గర బాగా పనికొస్తుంది. వాన జల్లుకు తట్టుకుంటుందంటారు, నిజమే, కానీ మన జిల్లాల్లో దాన్ని పరీక్షించే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? ఇక్కడ అసలు శత్రువులు ఎండ, దుమ్ము.

ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక స్టాఫ్ మీద గీతలు నీళ్లలో కదిలినట్టు ఊగుతాయి. 32 రెట్ల లెవెల్ పెడితే ఆ ఊగడం కూడా అంత పెద్దదిగానే కనిపిస్తుంది. దానికి మందు వేరు: పని పొద్దున్నే మొదలుపెట్టాలి, మధ్యాహ్నం తప్పదనుకుంటే చూపు దూరం 30 మీటర్లకు తగ్గించాలి, స్టాఫ్ మీద అర మీటరు కంటే కింద రీడింగ్ తీసుకోకూడదు. నేలను ఆనుకుని ఉన్న గాలిలోనే కాంతి ఎక్కువగా వంగుతుంది. పరికరానికి గొడుగు పట్టండి, మనిషికి కాదు.

కొనేటప్పుడైనా, అద్దెకు తెచ్చేటప్పుడైనా మొదట చూడాల్సింది కాంపెన్సేటర్, అంటే పరికరం కొద్దిగా వాలినా చూపురేఖను సమంగా ఉంచే లోపలి భాగం. బుడగను వలయం మధ్యకు తెచ్చి, స్టాఫ్ చూస్తూ ట్రైపాడ్ కాలిని వేలితో మెల్లగా తట్టండి. బొమ్మ ఒక్కసారి ఊగి మళ్లీ అదే గీత మీదికి రావాలి. తర్వాత చూపు దిశలో ఉన్న ఫుట్ స్క్రూను (పరికరం అడుగున సమం చేసే మరను) కొద్దిగా తిప్పండి. బుడగ వలయం దాటనంతవరకు రీడింగ్ మారకూడదు, మారితే కాంపెన్సేటర్ ఇరుక్కుపోయినట్టే. దాని పరిధి సుమారు 15 నిమిషాల కోణమే (పావు డిగ్రీ) కాబట్టి బుడగను నిర్లక్ష్యం చేసి "ఆటో కదా, అదే చూసుకుంటుంది" అనుకోవద్దు. బైకు వెనక క్యారియర్‌కు కట్టి గతుకుల్లో తెచ్చిన పెట్టెల్లో ఈ జబ్బు ఎక్కువ. బస్సులో అయితే ఒళ్లో పెట్టుకోండి.

రెండోది టూ పెగ్ టెస్ట్, అంటే రెండు మేకులతో చూపురేఖను పరీక్షించడం. దీనికి పావుగంట చాలు. 60 మీటర్ల ఎడంతో ఏ, బీ అనే రెండు మేకులు కొట్టి, పరికరాన్ని సరిగ్గా మధ్యలో పెట్టండి. ఏ మీద 1.462, బీ మీద 1.238 మీటర్లు వచ్చాయనుకుందాం. తేడా 0.224. దూరాలు సమానం కాబట్టి చూపురేఖ వాలి ఉన్నా ఈ తేడా నిజమే. ఇప్పుడు పరికరాన్ని ఏ మేకుకు రెండు మీటర్లు అవతల పెట్టండి. ఏ మీద 1.530 వస్తే బీ మీద 1.306 రావాలి. 1.312 వచ్చిందంటే 60 మీటర్లకు 6 మిల్లీమీటర్లు పైకి చూస్తోందని అర్థం. ఐపీస్ దగ్గరున్న సర్దుబాటు స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పి అడ్డగీతను 1.306 మీదికి తెచ్చి, మొత్తం పరీక్ష మళ్లీ చేయాలి. అద్దె పరికరమైతే స్క్రూ ముట్టుకోకుండా, బ్యాక్ సైట్ (వెనక, ఎత్తు తెలిసిన చోటి రీడింగ్), ఫోర్ సైట్ (ముందు, ఎత్తు కనుక్కోవాల్సిన చోటి రీడింగ్) దూరాలు సమానంగా ఉంచుకుంటే చాలు. అదే లెవెల్‌తో 20 మీటర్ల బ్యాక్ సైట్, 50 మీటర్ల ఫోర్ సైట్ తీసుకుంటే ఒక్కో స్టేషన్‌కు (పరికరం పెట్టిన చోటుకు) 3 మిల్లీమీటర్లు పోతాయి. వరసగా పది స్టేషన్లు అలాగే పెడితే 3 సెంటీమీటర్లు. అంతకంటే పొడవైన 1.6 కిలోమీటర్ల లూప్‌కు (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే లెవెలింగ్‌కు) కూడా 12√కే లెక్కన (కే అంటే కిలోమీటర్లు) తప్పు కింద వదిలేది 15 మిల్లీమీటర్లే.

ఇక కాళ్ల సంగతి. కిట్‌తో వచ్చే తేలికపాటి అల్యూమినియం ట్రైపాడ్‌లలో క్లాంపు తొందరగా వదులవుతుంది, రీడింగ్ మధ్యలో కాలు అర మిల్లీమీటరు దిగినా తెలియదు. ట్రైపాడ్ తల పట్టుకుని మెలితిప్పి చూడండి, ఆట (వదులు) ఉంటే వద్దు. అనంతపురం ఎర్రగరప నేలలో మొనలు దిగవు, బండ మీదైతే జారుతాయి, అప్పుడు మూడు కాళ్లనూ తాడుతో కట్టాలి. కర్నూలు నల్లరేగడిలో దీనికి ఉల్టా: స్టాఫే కుంగుతుంది. చేంజ్ పాయింట్‌లో, అంటే పరికరాన్ని ముందుకు జరిపేటప్పుడు స్టాఫ్ అలాగే నిలిపి ఉంచే చోట, స్టాఫ్ కింద ఇనుప ఫుట్ ప్లేట్ లేకపోతే బ్యాక్ సైట్ తీసుకునేలోపు లెవెల్ మారిపోతుంది.

స్టాఫ్‌లో చూడాల్సింది జాయింట్ల బటన్లు. పూర్తిగా బయటికి రాకపోతే పై భాగం రీడింగులన్నీ తప్పే. బుడగ లేని స్టాఫ్ కొనవద్దు. 4 మీటర్ల స్టాఫ్ పైకొన 20 సెంటీమీటర్లు వాలితే 3.5 దగ్గర రీడింగ్ 4 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. బుడగ పోతే స్టాఫ్‌ను ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపించి, కనిపించిన వాటిలో అతి తక్కువ రీడింగ్ రాసుకోండి.

బి40ఏ కింద ఉన్న కోణాల వలయం ఒక్కో డిగ్రీకి ఒక గీతే. 50 మీటర్ల దూరాన ఒక డిగ్రీ అంటే 87 సెంటీమీటర్ల పక్కకు. కాంటూర్ల (సమాన ఎత్తు గీతల) కోసం సరే, ట్రావర్స్‌కు (కోణాలు, దూరాలు వరసగా కొలుస్తూ పోయే సర్వేకు) కాదు.

రోవర్ల (ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే పరికరాల) కాలంలో ఇదెందుకని అడిగేవాళ్లున్నారు. రోవర్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి ఊహించిన నున్నటి ఆకారం) మీది ఎత్తు, సముద్రమట్టానికీ దానికీ తేడా మన దగ్గర పదుల మీటర్లలో ఉంటుంది. జియాయిడ్ (సముద్రమట్టపు ఆకారం) నమూనాతో సరిచేశాక కూడా రెండు మూడు సెంటీమీటర్ల అనుమానం మిగులుతుంది. పొలం గట్టుకు అది ఫర్వాలేదు. పదివేలకు ఒకటి వాలు ఉండే కాలువకు కిలోమీటరు మొత్తం పతనమే 10 సెంటీమీటర్లు.

ఒక్క క్యాంపు కోసమే అయితే అద్దెకు తీసుకోవడం మేలు, ఆరుగురు కలిసి కొనేది సైటు పనులకు వెళ్లే ఉద్దేశం ఉంటేనే. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చేతిలో పెట్టగానే మురిసిపోవద్దు. దాని మీది సీరియల్ నంబరు, పరికరం మీది నంబరు ఒకటేనా, తేదీ ఎప్పటిది అన్నది చూశాకే డబ్బు తీయండి.